ఎండలో కొలిచిన చూపు

మూడేళ్ల కిందట, ఎండలు మండుతున్న రోజుల్లో, శంషాబాద్‌లోని ఒక చిన్న కంటి కేంద్రంలో విజన్ టెక్నీషియన్‌గా చేరాను. చూపు కొలిచి కాగితం నింపడం నా పని. ఆపరేషన్‌కు ఎవరిని పంపాలో నిర్ణయించేది ఇన్‌చార్జి సారు. ఇప్పుడా ఉద్యోగంలో లేను. గట్టిగా మాట్లాడటం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. రాసుకోవడం వచ్చు గనక యాదమ్మ వచ్చిన రోజు సంగతి డైరీలో మిగిలింది.

యాదమ్మది రావిర్యాల. వయసు యాభై దాటింది. ఎయిర్‌పోర్టు రోడ్డు నడుమ పెంచే మొక్కల్లో కలుపు తీస్తుంది. కలుపనుకొని పూలమొక్కలు పీకేసిందట. ఇంకోసారి పీకితే పని నుంచి తీసేస్తానన్నాడట మేస్త్రీ.

మేం గదిలో లైట్లు తగ్గించి, ఆరు మీటర్ల దూరంలో చార్టు వెలిగించి చూపు కొలుస్తాం. అక్షరాలు రానివాళ్లకు ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ల గుర్తుల చార్టు ఉంటుంది. కాళ్లు ఎటు తిరిగాయో చేత్తో చూపించాలి. యాదమ్మ ఏ కంటికా కన్ను ఐదో వరస దాకా చూపించింది. నాలుగో వరస దాటి చూడగలిగినవాళ్లను ఆపరేషన్‌కు పంపకూడదని మా కేంద్రం నియమం. సారు కాగితం మీద “శుక్లం ముదరలేదు, ఆరు నెలల తర్వాత రావాలి” అని రాసి, ఆమెకూ అదే చెప్పారు.

“మోతిబిందు ముదిరి పండనీకి సీతాఫలమా సారూ?” అంది యాదమ్మ. “గదిల మంచిగనే కనవడ్తది. ఎండలకు పోతెనే అంత తెల్లగైతది. నా పని గదిల ఉన్నదా?”

శుక్లం, యాదమ్మ మాటలో మోతిబిందు, అంటే కంట్లోని సహజ కటకం మసకబారడం. ఆ మసక, కటకం వెనకవైపున సరిగ్గా నడుమ పడితే, నీడలో కంటిపాప విప్పారి పక్కల నుంచి వెలుతురు లోపలికి పోతుంది. ఎండలో పాప ముడుచుకొని మసకలోంచే చూడాల్సి వస్తుంది. ఇదంతా నేను పరీక్షలో రాసిందే.

విడి చార్టు ఒకటి తీసుకెళ్లి బయట ప్రహరీగోడ మేకుకు తగిలించాను. టేపుతో దూరం కొలిచాను. మిట్టమధ్యాహ్నం. యాదమ్మ చార్టులో అన్నిటికంటే పైనున్న పెద్ద గుర్తు ఒక్కటే చూపించగలిగింది.

ఎండలో ఎవరికైనా అంతేనన్నారు సారు.

“అయితే నువ్వు నిలవడు సారూ, జర చూద్దాం.”

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. సారు నిలబడక తప్పలేదు. ఆఖరి వరస దాకా చూపించారు.

మా కాగితంలో ఎండకు గడి లేదు. ఎండలో యాదమ్మదీ, సారుదీ రెండు కొలతలూ మార్జిన్‌లో రాశాను. కొట్టేయమన్నారు సారు. కొట్టేసి మీరే సంతకం పెట్టండన్నట్టు పెన్ను ఆయన ముందుకు జరిపాను. ఆయన ముట్టుకోలేదు, ఆసుపత్రి డాక్టర్లే తేలుస్తారు, పంపెయ్యమన్నారు.

మార్జిన్‌లోని అంకెలతో కాగితం అలాగే యాదమ్మ వెంట ఆసుపత్రికి వెళ్లింది. చుక్కల మందుతో పాప విప్పార్చి చూస్తే మసక నడుమనే ఉంది. శుక్లం మందులతో కరగదు. ముందు కుడి కన్ను మొద్దుబార్చి, చిన్న కోత పెట్టి, మసక కటకాన్ని ముక్కలు చేసి పీల్చేసి, ఆమె కంటి కొలతకు తగ్గ కృత్రిమ కటకం అమర్చారు.

నెల తర్వాత యాదమ్మ మా కేంద్రానికి చెకప్‌కొచ్చి, గదిలోకి రానంది. “గోడ కాడికే పా బిడ్డా.” ఎండలో ఎడమ కన్ను మూసుకొని ఆఖరి వరస దాకా చూపించి, సారు వైపు తిరిగింది.

“ఇగ పండిందా సారూ?”

శుక్లం ముదిరిందా అన్నది కాదు, మనిషి పనికి అడ్డం వచ్చిందా అన్నది చూడాలి. ఆ పని ఎండలో అయితే ఎండలోనే కొలవాలి. కాగితంలో ఆ గడి ఇప్పటికీ లేదట. మానేసిన రోజు, నా స్థానంలో వచ్చిన అమ్మాయికి గోడ మీది మేకు చూపించి వచ్చాను.