ముక్కుమావయ్య, గులాబీ నీళ్లు

మా నీళ్ల ప్లాంటులో అందరూ ఆయన్ని ముక్కుమావయ్య అనేవారు. నాకు మాత్రం నిజంగానే మావయ్య, అమ్మకు వరసకు అన్న. ఎనిమిదో తరగతిలో చదువాగిపోయి మూడేళ్లుగా ఇంట్లో కూర్చున్న నన్ను వెంటబెట్టుకొచ్చి, "గచ్చు కడుగుతుంది, గాజు గొట్టాలు కడుగుతుంది. మాట్లాడమని మాత్రం అడక్కండి" అని మేడమ్‌కి అప్పగించింది ఆయనే.

మేడమ్‌ది కొత్తగా పెట్టిన చిన్న కంపెనీ. నీళ్లను శుభ్రం చేసే క్లోరిన్ మందును ఎక్కడినుంచో తెప్పించకుండా ప్లాంటులోనే తయారుచేసే మిషన్ వాళ్లది. ఉప్పునీళ్లు కరెంటు పలకల మధ్యనుంచి పోతూ మందుగా మారతాయి. ఆ మందు తొట్టిలో కలిశాక నీళ్లు ఊరికి వెళ్తాయి.

అంతకుముందు ఇరవై రెండేళ్లు మావయ్య క్లోరిన్ గ్యాస్ సిలిండర్లతో కాపురం చేశాడు. ఎక్కడ లీకైనా అందరికంటే ముందు పసిగట్టి మనుషుల్ని బయటికి తరిమేవాడు. ఆ పేరు అలా వచ్చింది. మొదటి ఉప్పు బస్తా దింపిన రోజున దాన్ని తట్టి, "దీన్ని తలకింద పెట్టుకుని నిద్రపోవచ్చురా" అన్నాడట.

నీళ్లు వదిలేముందు గాజు గొట్టంలో కొన్ని పట్టి బిళ్ల వెయ్యాలి. మందు సరిపోయి ఉంటే గులాబీ రంగొస్తుంది. అట్టమీది రంగులతో పోల్చి అంకె చెప్పాలి. మావయ్యకు అది నామోషీ. బకెట్లో నీళ్లు తెచ్చి, వాసన చూసి, "బ్రహ్మాండం" అని వాల్వు తిప్పేసేవాడు. గొట్టాలు కడిగే నేనే రోజూ ఒకదాంట్లో బిళ్ల వేసి రంగు చూసుకునేదాన్ని.

వాసన చూసేటప్పుడు ఆయన కళ్లు నా ముఖంమీదే ఉండేవి. మందు గది తలుపు తీస్తే, "నువ్వు ముందు పదవే" అనేవాడు. నేను ముక్కు చిట్లిస్తే, "ఇవాళ ఘాటు బావుంది" అనేవాడు. ఒకరోజు హీటరు మీద పాలు మాడి గదంతా కమురు కంపు కొడుతుంటే, ఆయన పక్కనే కూర్చుని తాపీగా పేపరు చదువుకుంటున్నాడు. అప్పుడర్థమైంది నాకు. ఆ ముక్కును ఏ లీకో ఎప్పుడో తినేసింది. సంగతి బయటపడితే ఉద్యోగం ఉంచరని భయం. ఆయన పని మానుకోవడానికి ఇంకా రెండేళ్లుంది, అత్తయ్య మోకాళ్లు అప్పటికే పని మానేశాయి. నేనెవరికీ చెప్పలేదు.

ఒక ఉదయం నాకు జలుబు చేసింది. ముక్కు పూర్తిగా దిబ్బడేసి, తుమ్ము రాబోయి ఆగిపోతూ ఉంది. మావయ్య బకెట్ మీదికి వంగి, నా చిట్లించిన ముఖం చూసి, "బ్రహ్మాండం!" అన్నాడు.

గొట్టం నా చేతిలోనే ఉంది. బిళ్ల కరిగిపోయింది. నీళ్లకు రంగే రాలేదు.

ఆయన చెయ్యి వాల్వుమీద ఉంది. మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది. నోరు తెరిస్తే నాకు పని ఇప్పించిన మనిషి పని పోతుంది. ఊరుకుంటే ఆ నీళ్లు ఊరు తాగుతుంది. వెళ్లి వాల్వు చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏమైందే నీకు? వదులు!"

గొట్టం చూపించాను.

"బిళ్ల వేశావా?" మేడమ్ అడిగింది. తలూపాను. "మరి మీరు వాసన చూశారు కదా మావయ్యా?"

బిళ్లలు పాతవని చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా ఆయనే ఉప్పు బస్తామీద కూలబడ్డాడు.

"నాకు వాసన తెలిసి నాలుగేళ్లయింది మేడమ్. ఈ పిల్ల వచ్చాక దీని ముక్కుతో నెట్టుకొస్తున్నాను. ఇవాళ దానికి జలుబు."

మిషన్ దగ్గరున్న ఫిట్టర్ కిసుక్కున నవ్వి, మేడమ్ ముఖం చూసి దగ్గు నటించాడు.

మిషన్ విప్పితే పలకలు తెల్లగా సున్నం పట్టి ఉన్నాయి. యాసిడ్‌తో కడిగి, మళ్లీ మందు తయారై, నీళ్లు వదిలేసరికి రెండు గంటలు ఆలస్యమైంది. ఆ రెండు గంటలూ ఫోన్లో ఊరి తిట్లన్నీ మేడమే తిన్నది.

తర్వాత వచ్చి మావయ్యను అడిగింది. "నాకెందుకు చెప్పలేదు?"

"ముక్కుమావయ్యకి ముక్కు తీసేస్తే ఉత్త మావయ్యే కదండీ మిగిలేది."

"ఆ ఉత్త మావయ్యే కావాలి నాకు. ఆ పలకలకి ఎప్పుడేం జబ్బు చేస్తుందో మీకు తెలిసినట్టు నాకే తెలీదు. కానీ ఇవాళ చేసింది తప్పు. రేపట్నుంచి అంకె తెలిశాకే వాల్వు ముట్టుకోండి."

"అయితే అంకె ఈ పిల్ల చెప్పాలి మేడమ్. గచ్చు కడగడానికి ఇంకెవర్నైనా చూడండి. నన్ను ఆపే ధైర్యం ఈ ప్లాంటులో దీనికొక్కదానికే ఉంది."

తన ఉద్యోగం గట్టెక్కిందో లేదో, ఆయన నా పని సంగతి మాట్లాడాడు. ఇప్పుడు నేను బతుకుతున్నది ఆ మాటమీదే. మేడమ్ సరేనంది.

మర్నాడు అట్ట పక్కన గొట్టం పెట్టి, "పాయింట్ ఆరు" అన్నాను.

"ఏంటీ?" అన్నాడు మావయ్య, వాల్వుమీద చెయ్యేసి.

మళ్లీ చెప్పాను.

"పంపు చప్పుడే. వినపళ్లా."

ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయని నాకు తెలుసు. మూడోసారి బయట సైకిలు తుడుచుకుంటున్న ఫిట్టర్ కూడా తిరిగి చూసేంత గట్టిగా అరిచాను.

అప్పుడు తిప్పాడు వాల్వు.