పెనం దగ్గర మా జువాలజీ మేడం

మా జువాలజీ మేడం మంగళవారం ఉదయం పోయారు. కాలేజీ గేటుకు అంటించిన కాగితంలో ‘అనారోగ్యంతో’ అని రాశారు. చూడగానే ఒళ్లు మండింది. ఏ అనారోగ్యం? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆమె దాచుకోని పేరును మనం దాచడమేమిటి?

నేను కరపత్రాలు చదివి కోపం నేర్చుకున్నవాణ్ని. నేను రాసిన కరపత్రాలన్నీ ముందు ఆమె ఎర్ర పెన్ను కిందకి వెళ్లేవి. తిట్లన్నీ కొట్టేసి, “శత్రువు పనితీరు తెలీకుండా తిడితే గాలిని తిట్టినట్టేరా” అనేవారు. టీ తాగించి మరీ పంపేవారు.

పోయిన ఏడాది మా చెల్లికి ఆ క్యాన్సర్ రాకుండా టీకా వేయిద్దామంటే నాన్న ససేమిరా అన్నాడు. అది నడత చెడ్డవాళ్లకొచ్చే జబ్బని ఊళ్లో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. నేను అరిచాను. ఇంట్లో మాటలు ఆగిపోయాయి. సంగతి తెలిసి మేడం, వైద్యం మధ్యలో, తలకు గుడ్డ చుట్టుకుని, దేవరాపల్లి అవతలి మా ఊరికి ఆటోలో వచ్చేశారు. నాన్న పెద్ద పెనంలో చెరకు రసం కాచి బెల్లం వండుతున్నాడు.

“మా గుంట సుబ్బరంగా ఉంది కదా మేడమ్మా, సూదెందుకు?” అన్నాడు చెల్లిని చూపిస్తూ.

పాకం వచ్చిందని ఎలా తెలుస్తుందని ఆమె తిరిగి అడిగారు. నాన్న పాకం బొట్టు నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూపించాడు. ఉండ కట్టందే పెనం దించనివ్వనన్నాడు, కాస్త గర్వంగానే.

మేడం మా యాసలోకి దిగిపోయారు. “ఒంట్లో కణానికీ నీలాటోడు ఉంటాడన్నయ్యా. ఒకటి రెండయ్యే ముందు అన్నీ సూసి, తేడా ఉంటే ఆగమంటాడు. ఈ జబ్బు తెచ్చే వైరస్‌కి సొంత పెనం లేదు. మన పెనం మీదే దాని వంట. అందుకని ఆ ఆగమనేవోణ్ని తోసేత్తాది. సానామందికి దానంతటదే పోతాది. కొందరిలో ఏళ్లకేళ్లు ఉండిపోతే, కణం ఇంక ఆగదు. నాకయింది అదే. సూది అది లోపలికి రాకముందే ఎయ్యాలి.”

చెరకు అందిస్తున్న ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. వాళ్లకేసి తిరిగి, “ఏటే, నా నడత గురించి అడగాలనుంటే ఇప్పుడే అడిగెయ్యండి. ఆటో ఎల్లిపోతాది” అన్నారు. ఒకామె ఫక్కున నవ్వేసింది. మిగతావాళ్లు మేడంకు కూర్చోడానికి పీట వేశారు.

ఆ వారమే నాన్న చెల్లిని బండెక్కించుకుని తనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ తర్వాత మా వీధి నుంచి మరికొందరు తండ్రులు కూతుళ్లను తీసుకెళ్లారు. నా కరపత్రాలన్నీ కలిసి ఇంత పని చేయలేదు.

మంగళవారం కబురొచ్చేసరికి పెనం పొంగుతోంది. నాన్న పాకం బొట్టు నీళ్లలో వేసి, ఎవరికీ ఇవ్వని ఆ ఉండను చెల్లి చేతిలో పెట్టాడు.

“దించేద్దుమేటే?”

చెల్లి వేళ్లతో నలిపి చూసింది. దించడానికి నిలబడ్డ పనివాళ్లు చెల్లి ముఖమే చూస్తున్నారు.

“ఆగు నాన్నా” అంది.

అందరూ ఆగారు.