చప్పుడు లేని కీబోర్డు

మా వదిన, అంటే మా ఆయన అక్క, నరసరావుపేటలో మా ఇంటికి చుట్టపుచూపుగా రాలేదు. ఈపూరు అవతల పల్లెలో మిరప చేను చేయించుకుంటూ ఒక్కతే బతికిన మనిషి. భర్త లేడు, పిల్లలు లేరు, బుగ్గన పొగాకు మాత్రం ఎప్పుడూ ఉండేది. ఆ బుగ్గలోనే పుండు లేచింది. గుంటూరులో దవడ కోశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. అది మళ్లీ లేచాక, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి పెట్టండి అన్నారు. చెంచా కూడా పట్టని నోటికి ఇష్టమైనవి ఎలా పెట్టాలో చెప్పమని ఆ డాక్టర్ని అడిగాను. మా ఆయన నన్ను బయటికి లాక్కొచ్చాడు. ఆ డాక్టరు చెప్పిన వాటిలో పనికొచ్చే మాట ఒక్కటే. నొప్పి మొదలవగానే మందు పోయాలి, ముదిరాక పోస్తే పట్టదు, ఓర్చుకోకుండా అడగమనండి అన్నాడు.

మా ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు. కొత్త కోడలిగా 'మీరు' అన్నాను. మొదటి పోట్లాటలో అది 'నువ్వు' అయింది, మళ్లీ వెనక్కి పోలేదు. అయినా మంచం మా హాల్లోనే వేశాం. మధ్యలో ఒక కర్టెన్. దానికి అటు ఆమె, ఇటు నా బల్ల.

నాది టైపు పని. వకీళ్లు ఫోన్లో చెప్పి పంపితే దావాలు, అఫిడవిట్లు కొట్టి ఇస్తాను. డిగ్రీ చదివే రోజుల్లో టైపు మిషన్ మీద హయ్యర్ పాసైన చేతులు నావి. మీట దిగిందని వేలికి తెలియకపోతే ముందుకు పోలేను. పైగా షుగరు వచ్చాక వేళ్ల కొసలు మొద్దుబారాయి. ల్యాప్‌టాప్ మీద కొడితే అప్పడాల మీద చెయ్యి వేసినట్టుంటుంది. అందుకే మెకానికల్ కీబోర్డు కొనుక్కున్నాను. అందులో ఒక్కో మీట కింద ఒక్కో స్విచ్చు విడిగా ఉంటుంది. నా స్విచ్చులు నొక్కితే సగం దారిలో వేలికి చిన్న మెట్టు తగిలి, టక్కుమని చప్పుడు వచ్చేది. ఆ మెట్టే నాకు కన్ను.

రోగి ఉన్న ఇంట్లో ఆ మోతేంది అని మా ఆయన మొదలుపెట్టాడు. ఎరువుల కొట్లో రోజంతా కూర్చుని వచ్చి, టీవీలో పార్టీల అరుపులు వినే మనిషి. ఆయన గొంతుకు నేను లొంగలేదు. వదిననే అడిగాను. నాకేం బాధ లేదు, కొట్టుకో అంది. నేను నమ్మలేదు. పాతికేళ్లలో నా వల్ల తనకు ఇబ్బంది లేదని ఆమె అన్నది అదే మొదటిసారి. చావు దగ్గరికొచ్చి మొహమాటం నేర్చుకుందనుకున్నాను.

చప్పుడు పోవాలి, మెట్టు ఉండాలి. ఈ రెండూ కలిపి కావాలంటే ఎంత తిప్పలో అప్పుడు తెలిసింది. రకానికి కొన్ని చొప్పున తెప్పించుకున్నాను. ఒక రకానికి అసలు మెట్టే లేదు, నూనెలో వేలు ముంచినట్టు జారిపోయి ఒక్క అక్షరం రెండుసార్లు పడేది. ఒక దావాలో ప్రతివాది పేరు నత్తిగా వచ్చింది. ఇంకోదానికి మెట్టు ఉంది కానీ పైనే అయిపోయి, ఆ తర్వాత అంతా టీలో నానిన బిస్కెట్టు. అడుగున మోత రాకుండా పెట్టిన రబ్బరు బిళ్లలు చేసే పని అది. మరోదానికి మెట్టు ఎంత గట్టిదంటే సాయంత్రానికి ముంజేయి లాగేసేది. చివరికి ఒక రకం బాగుంది, దాని స్ప్రింగు మాత్రం సన్నగా కీచుమనేది.

ఒక్కో స్విచ్చు విప్పి, స్ప్రింగుకు నూనె పట్టించి, మధ్యలో పైకీ కిందికీ కదిలే కాడకు సన్నటి కుంచెతో గ్రీజు రాశాను. మొదటి విడతలో ఉత్సాహం ఎక్కువై కాడ కాళ్లకు కూడా రాశాను. మెట్టును పుట్టించేవి ఆ కాళ్లే. అవి జారుడైపోయి మెట్టు చచ్చిపోయింది. అన్నీ తుడిచి మళ్లీ రాశాను. నేను చేసేదంతా కర్టెన్ సందులోంచి వదిన చూసేది.

"ఏమే, తలకు రాసుకోవడం మానేసి దానికి రాస్తన్నావా నూనె? జడ కూడా వెయ్యి" అంది. మాట సగం దవడలోనే నలిగిపోయినా వెటకారం మాత్రం నలగలేదు.

కీబోర్డు కింద మడిచిన పాత బొంత పరిచాను. అన్నీ బిగించి కొట్టి చూస్తే, దుప్పటి మీద చింతగింజలు పడినంత చప్పుడు. మా ఆయనకు చూపించి, ఇప్పుడు టీవీ సంగతి చూడు అన్నాను.

ఆ రోజు నుంచే వదిన పిలవడం మొదలుపెట్టింది. అంతకుముందు రోజంతా కలిపి ఎప్పుడో ఒకసారి పిలిచేది. మందు అడగడం లేదంటే నొప్పి అదుపులో ఉందని మేము సంతోషపడ్డాం. ఇప్పుడు పొద్దున్నే మందు, మళ్లీ కాసేపటికి మందు, పక్క మార్చు, గొంతు తడుపు, దిండు ఎత్తు. ఒక్క పేరా పూర్తి కానిచ్చేది కాదు. నిశ్శబ్దంగా పని చేసుకుంటున్నానని కడుపుమంటా అని కూడా అనుకున్నాను. తర్వాత భయం వేసింది. రోగం ఒక్కసారిగా ముదిరిందని గుంటూరుకు ఫోన్ చేస్తే మందు పెంచారు.

పెంచిన మందు పోస్తూ అడిగాను, నొప్పి ఎప్పట్నుంచి ఇంత ఎక్కువైందని.

"ఎక్కువేం కాలేదే. మొదట్నుంచీ ఇంతే."

"మరి అప్పుడు పిలవలేదేం?"

"టకటక వినపడతా ఉంటే ఎట్టా పిలిచేది? సాలు మధ్యలో ఉన్న మనిషిని పిలుస్తారటే ఎవరన్నా?"

మిరపకాయల కోతలో ఒక్కో మనిషి ఒక్కో సాలు పట్టుకుని వరసగా కదులుతారు. మధ్యలో ఒకరిని పిలిస్తే ఆమె సాలు వెనకబడుతుంది, అందరూ గట్టెక్కాక ఎండలో ఒక్కతే మిగులుతుంది. అందుకని నీళ్లు కూడా సాలు చివరే అందిస్తారు. మా వదిన ఆ గట్టు మీద నిలబడి ఎన్నో ఏళ్లు కోత కోయించింది. ఆమెకు పని అంటే చప్పుడు. నా చప్పుడు ఆగేదాకా, పొద్దున లేచిన నొప్పిని మధ్యాహ్నం దాకా ఆ కోసిన దవడలోనే అదిమి పెట్టుకుంది. చప్పుడు ఆగి నేను కర్టెన్ తీసి చూసేసరికి ఓర్చి ఓర్చి సోలిపోయి కళ్లు మూసుకుని ఉండేది. నిద్రపోతోందని తీసిన కర్టెన్ మళ్లీ వేసేదాన్ని.

"ఇప్పుడు చానా ఖాళీగా ఉంటన్నావు. వకీళ్లు పని తగ్గించారా?" అంది.

ఫోన్లో రెండు అఫిడవిట్లు నా కోసం కూర్చుని ఉన్నాయి.

"తగ్గించారు వదినా. కోర్టుకు సెలవులు" అన్నాను.

ఆ సాయంత్రం, ఇందులో నా తప్పేముంది అని మా ఆయనతో పెద్ద వాదన పెట్టుకున్నాను. ఆయన పాపం అప్పటికి నోరే తెరవలేదు.

ఆ అబద్ధం నిలబడడానికి ఒక్కటే అడ్డు. స్పేస్ బార్. పొడుగు మీట కాబట్టి దాని కింద ఒరిగిపోకుండా పట్టే ఒక ఇనప తీగ ఉంటుంది, ఎంత మెల్లగా నొక్కినా దబ్‌మంటుంది. ఒక మధ్యాహ్నం అది వదినకు వినిపించింది.

"పనిలో ఉన్నావటే? ఉంటే కానీలే, నాకేం తొందర లేదు."

ఆ మాట విన్నాక కుర్చీలో కూర్చోలేకపోయాను. వెళ్లి మందు పోశాను. అప్పటికే ఆమె పిడికిట్లో దుప్పటి ముడతలు పడి ఉంది. ఆమె కట్టు మార్చే పళ్లెంలోంచి తెల్ల ప్లాస్టరు తెచ్చి, రెండు ముక్కలు కత్తిరించి, ఆ తీగ వచ్చి తగిలే చోట్ల అంటించాను. తీగకు గ్రీజు దట్టించాను. అది కూడా నోరు మూసుకుంది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె హాయిగా పిలిచింది. 'హాయిగా' అన్న మాట ఆ మంచానికి పనికిరాదు, తెలుసు, కానీ పిలిచింది. మందుకే కాదు, నా వంటను తిట్టడానికి కూడా. ఒక వకీలు ఆలస్యాలు భరించలేక వేరే మనిషిని చూసుకున్నాడు. చూసుకోనీ.

ఇప్పుడు నాలుగైదు రోజులుగా పిలుపు లేదు. హాల్లో రెండు వైపులా చప్పుడు లేదు. నొప్పి లేక పిలవడం లేదో, ఓపిక లేక పిలవడం లేదో కర్టెన్‌కు ఇటు కూర్చున్న నాకు తెలిసే దారి లేదు. గుంటూరు వాళ్లను అడిగితే దగ్గరుండి మొహం చూస్తూ ఉండమన్నారు. కాగితం చివరికి వచ్చినప్పుడల్లా లేచి చూసొస్తున్నాను. నిన్న సగం కాగితంలోనే, ఒక మాట మధ్యలో లేచాను. నుదురు ముడిపడి ఉంది. దూది తడిపి, చెంపకూ పంటికీ మధ్య మందు పిండాను. కళ్లు తెరవకుండానే పెదవులు కదిపింది. వంగి చెవి పెట్టాను.

"సాలైందా?"

"అయింది వదినా."

మంచం పక్కనే కూర్చున్నాను. కర్టెన్ తీసే ఉంచాను. బల్ల మీద ల్యాప్‌టాప్ తెర వెలుగుతోంది, సగం మాట దగ్గర కర్సరు గీత కొట్టుకుంటూ ఉంది. ఆ నుదురు ఇంకా విచ్చుకోలేదు.