బూరకు బదులొచ్చిన ఉదయం

నదిమీద మంచు పగిలి భర్త మునిగిపోయాక, గె స్యూలాన్‌కు మిగిలింది ఇద్దరు ఆడపిల్లలు, ఒక గుర్రం, అతని తుపాకీ. ఖింగాన్ కొండల్లోని ఆ ఊళ్ళో "ఆడదానికి వేటేంటి" అని గొణిగినవాళ్ళే, రెండేళ్ళు తిరిగేసరికి ఆమె పంచిన మాంసాన్ని తమ దండేలమీద ఎండబెట్టుకున్నారు. భూర్జచెట్టు బెరడుతో చేసిన బూరతో దుప్పిని పిలవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ బూరను ఊదరు. పెదవులకు ఆనించి గాలిని లోపలికి పీలిస్తే, పోట్లాటకు కాలుదువ్వే మగదుప్పిలా అది రంకె వేస్తుంది.

సెప్టెంబరులో, దుప్పులు జతకట్టే రోజుల్లో, ఒక తెల్లవారుజామున ఆమె దక్షిణపు వాలులో పొదల చాటున కూర్చుని పిలిచింది. కాసేపటికి పైనుంచి బదులొచ్చింది. మళ్ళీ పిలిచింది. ఈసారి బదులు దగ్గరగా వచ్చింది.

మూడోసారి బదులు రాగానే ఆమె చెవి ఒగ్గి ఆలకించింది. మదమెక్కిన దుప్పిపోతు కొమ్మలు విరుచుకుంటూ, నేలను తన్నుకుంటూ వస్తుంది. దీనికి ఆకు చప్పుడైనా లేదు. వస్తున్నది మనిషి. అతని చేతిలోనూ బూర ఉంది, తుపాకీ ఉంది. ఆమె తలమీదేమో, దుప్పులు బెదరకుండా పెట్టుకున్న, చెవులతో సహా ఒలిచిన లేడితల తోలు టోపీ.

టోపీ తీద్దామంటే, కదిలితే కాలుస్తాడు. అరుద్దామని నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. ముప్ఫై అడుగుల దూరంలో తుపాకీ బోల్టు లాగిన చప్పుడు వినిపించింది. పిల్లలిద్దరూ కళ్ళముందు మెదిలారు. బూర ఇంకా పెదవుల దగ్గరే ఉంది. ఊపిరంతా కూడగట్టి దానిలోకి ఊదింది. ఏ దుప్పీ చెయ్యని వికారపు చప్పుడు, చిరిగిన తోలుతిత్తిలోంచి గాలి పోయినట్టు.

"ఎవరది?" అన్నాడు అతను. గొంతు ఆమె బావగారు మో హైషెంగ్‌ది. ఉత్తరపు వాలుకు వెళ్తానన్నవాడు దెబ్బతిన్న దుప్పి జాడ పట్టుకుని ఇటు తిరిగాడు.

"నేనే... బావగారూ."

తమ్ముడి భార్యతో ముఖాముఖి మాట్లాడకూడదని పదిహేనేళ్ళుగా ఇంట్లోనైనా పక్కకు చూసే మనిషి, తుపాకీ పక్కన పడేసి ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

"చెవులు కనిపించాయమ్మా. గురి కుదిరింది. వేలు బిగించబోతున్నా," అన్నాడు. "తమ్ముడి పిల్లలకి ఏం చెప్పుకునేవాణ్ణి?"

"చెప్పాల్సిన పని పడలేదుగా," అంది. తన చేతులు మాత్రం టోపీ ముడి విప్పలేకపోయాయి. అతనే విప్పాడు.

స్యూలాన్ వేట మానలేదు. కాని ఆ తరవాత ఏ వాలులో కూర్చున్నా ముందు "ఇక్కడ మనిషుంది" అని మూడుసార్లు గట్టిగా అరిచేది. దుప్పులు బెదిరి పారిపోయేవి. అవి తిరిగి వచ్చేదాకా సగం పూట చలిలో కాచుకునేది.

"వదినా, పిలవడానికెళ్తున్నావా, తరమడానికా?" అని వేటగాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. హైషెంగ్ మాత్రం ఒక్కసారీ నవ్వలేదు.