తాతయ్య చెవికి అందని టిక్కు

మా తాతయ్య కార్ల ఎలక్ట్రీషియన్. బానెట్ కింద తల దూర్చి చెవితోనే జబ్బు పట్టేస్తానని నలభై ఏళ్లుగా ఆయనే చెప్పుకుంటున్నాడు. ఈ మధ్య మాత్రం కుక్కరు పక్కనే ఈల వేస్తున్నా పేపరు తిప్పుకుంటూ కూర్చుంటున్నాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయన పనిచేసే షెడ్డులో ఎవరికీ తెలియదు. తెలిస్తే పని పోతుంది. అందుకే మేమంతా నోరు కుట్టేసుకున్నాం.

ఆ రోజు నేను క్యారేజీ తీసుకెళ్లేసరికి తాతయ్య ఒక టాక్సీ మీదికి వంగి ఉన్నాడు. ట్రాఫిక్‌లో ఆగితే చాలు ఇంజను కాగిపోతోందట, రేడియేటరు ఫ్యాను తిరగడం లేదట. తాతయ్య ఫ్యాను ప్లగ్గు పీకి, బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగి తగిలించాడు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"మోటారు గుండ్రాయిలా ఉందయ్యా," అన్నాడు డ్రైవరుతో.

ప్లగ్గు మళ్లీ పెట్టి, ఇంజను కాగేదాకా ఆగి, రిలే దగ్గర చెవి పెట్టాడు. ఫ్యానుకు కరెంటు వదిలే చిన్న డబ్బా అది. వేడి ముదరగానే టిక్కుమనాలి. అంది కూడా. నాలుగడుగుల దూరంలో ఉన్న నాకే వినబడింది.

"చప్పుడే లేదు. వేడిని పసిగట్టే సెన్సారు పోయింది. కొత్తది పట్రా," అన్నాడు తాతయ్య.

గట్టిగా చెబితే గుట్టు రట్టవుతుంది. "రిలే మీద వేలు పెట్టి చూడు తాతయ్యా" అని గొణిగాను. గొణిగితే ఆయనకు వినబడుతుందా, నా తెలివి కాకపోతే!

డ్రైవరు సెన్సారు తెచ్చాడు. బిగించారు. ఇంజను కాగింది. ఫ్యాను కదల్లేదు.

"పెద్దాయనా, పొద్దున్నించీ నా బండి ఉడుకుతోంది. ఇంకెంతసేపు వండుతావు?" అన్నాడు డ్రైవరు.

ఆ మాటకి షెడ్డు ఓనరు గదిలోంచి వచ్చాడు. ఒకప్పుడు తాతయ్య దగ్గర పని నేర్చుకున్నవాడే. తాళం ఆపి మళ్లీ తిప్పించి, రిలే మీద ఒక్క వేలు ఆనించాడు.

"వేలికి టిక్కుమని కొడుతోంది గురువుగారూ. పాత సెన్సారుకేం కాలేదు. మీరు బ్యాటరీ నుంచి ఎర్త్ కూడా ఇచ్చారు కాబట్టి ఇందాక ఫ్యాను తిరిగింది. మరి బండి ఎర్త్ చూశారా?"

హెడ్‌లైటు వెనక ఫ్యాను కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టి ఉంది. ఓనరు గరుకు కాగితంతో గీకి బిగించాడు. ఫ్యాను తిరిగింది.

వేలు పెట్టి చూడమని అతనికి నేర్పింది తాతయ్యే. సుత్తుల మోతలో చెవిని నమ్మకురా అని మొట్టికాయ వేసి మరీ నేర్పాడట. తన దాకా వచ్చేసరికి నామోషీ.

డ్రైవరు వెళ్లాక ఓనరు తలవంచుకుని, మెల్లగా, "రేపట్నించి ఇంట్లోనే విశ్రాంతి తీసుకోండి గురువుగారూ," అన్నాడు.

"ఆఁ, చిన్న తుప్పేగా!" అని తాతయ్య నవ్వి అతని భుజం తట్టాడు. ఓనరు నావంక చూసి గదిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తాతయ్య ఖాకీ చొక్కా వేసుకుని గడప దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు. అమ్మమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. వంగి చెవిలో చెప్పాను. వినబడలేదు.

"ఓనరు నిన్ను పనిలోకి రావద్దన్నాడు తాతయ్యా!" అని అరిచాను. ఎదురింటివాళ్లు కిటికీ తీశారు.

"ఎందుకే అంత కేక? నేనేం చెవిటివాణ్ణా?" అన్నాడు.

రెండో బూటు లేసు కూడా కట్టుకున్నాడు. లేవకుండా అక్కడే కూర్చున్నాడు.