అత్త సాక్ష్యం చెప్పిన చోటు

పోయిన నెల మా అపార్ట్‌మెంటు సెక్రటరీగారు నా దగ్గరకొచ్చి ఒక చిత్రమైన ఫిర్యాదు చేశారు. కింద కొత్తగా కట్టిన మీటింగు హాల్లో ఎవరూ నోరు విప్పడం లేదట. లోపలికి వెళ్ళగానే అందరూ పెళ్ళిచూపులకొచ్చినట్టు బుద్ధిగా కూర్చుంటారు. మీటింగు అయ్యాక మాత్రం లిఫ్టు దగ్గర నిలబడి గంటసేపు దెబ్బలాడుకుంటారు. "మీరు సివిల్ ఇంజినీరు కదండీ, మైకులో ఏమన్నా లోపముందేమో ఓసారి చూద్దురూ" అన్నారు. మైకుకీ సివిల్ ఇంజినీరుకీ సంబంధమేమిటని నేను అడగలేదు. రిటైరైనవాణ్ణి, ఎవరు ఏ పనికి పిలిచినా వెళ్తాను. తలుపు తీసి, అలవాటు కొద్దీ అరచేతులు ఒక్కసారి గట్టిగా చరిచాను. ఆ చప్పుడు ఎదుటి గోడకు తగిలి అంతకంతా తిరిగొచ్చింది. నాకు మా అత్త గుర్తొచ్చింది. దళసరి కర్టెన్లు వేయించండని చెప్పి పైకొచ్చేశాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. పామర్రు దాటి కొంతదూరం వెళ్ళాక కాలువ గట్టు పక్కన మా పల్లె. పెళ్ళయిన కొన్నేళ్ళకే మావయ్య పోతే, అత్త చంకలో పాపను వేసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ పాప కూడా నేను పుట్టకముందే పోయింది. నాకు ఊహ తెలిసేసరికి అత్త మాటలు లేని మనిషి. నాట్లకు వెళ్ళేది, కలుపుకు వెళ్ళేది, వచ్చి పొయ్యి ముందు కూర్చునేది. ఏదైనా అడిగితే తల ఊపేది. ఆ ఊపు అవుననో కాదనో తెలుసుకోవడానికి మా అమ్మకు పదేళ్ళు పట్టిందట. పాప సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. తప్పనిసరైతే "ఆ పాప" అని గొంతు తగ్గించేవారే తప్ప పేరు పలికేవారు కాదు. అక్క మనసు నొచ్చుకుంటుందని నాన్న పెట్టిన కట్టడి అది. నొచ్చుకుంటావా అని మాత్రం ఎవరూ అత్తను అడగలేదు.

అలాంటి అత్త ఆదివారం గుడిలో మాట్లాడేది. చర్చిని మా పల్లెలో గుడి అనే అంటాం. మట్టితో పేర్చిన ఇటుక గోడలు, పైన రేకులు, పేడతో అలికిన నేల, రెండు చిన్న కిటికీలు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, చాపల మీద. చోటు చాలక మోకాళ్ళు మోకాళ్ళు రాసుకునేవి. తలనూనె, చామంతి పూలు, తడి సున్నం, వీటన్నిటి మధ్య పిడికెడు బియ్యం వాసన. వంటకు బియ్యం కడిగే ముందు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి విడిగా దాచేది, వారం బియ్యమంతా కొంగున మూటగట్టి ఆదివారం గుడికి తెచ్చేది. వాన పడితే రేకుల మోతకు పాస్టరు అయ్యగారి ప్రసంగం వినపడక ఆయనే ఆపేసి పాట అందుకునేవారు. వానాకాలంలో మాకు పాటలెక్కువ, ప్రసంగాలు తక్కువ. పిల్లలం కళ్ళు గట్టిగా మూసుకుని వాన కోసం ప్రార్థన చేస్తుంటే, పంటల మీద మాకున్న శ్రద్ధకు పెద్దవాళ్ళు మురిసిపోయేవారు.

ప్రసంగం అయ్యాక సాక్ష్యాలు. తమ బతుకులో దేవుడు చేసిన మేలు ఎవరికి వారు పదిమందిలో చెప్పుకోవడం. అందరూ లేచి నిలబడి చెప్పేవారు. అత్త లేచేది కాదు. కూర్చున్నచోటే తల దించుకుని, ఒక చెయ్యి నేలకు ఆనించి, రెండో చెయ్యి పక్కమనిషి మోకాలి మీద వేసి మొదలుపెట్టేది. ముందు పాప పేరు చెప్పేది, బాప్తిస్మంలో పెట్టిన పూర్తి పేరు. లోకంలో ఆ పేరు వినపడే చోటు అదొక్కటే. అదీ మెల్లగా, చుట్టూ ఉన్న నలుగురికి అందేటంత. తరవాత తరవాత గొంతు పెరిగేది. నాలుగు రోజుల జ్వరం, బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్న డాక్టరు, బస్సులో కిటికీ పక్క సీటు. "ఉయ్యూరు దాకా ఒళ్ళు కాలిపోతానే ఉంది. ఉయ్యూరు దాటాక చల్లబడింది. జొరం దిగిందనుకున్నా. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నా. బెజవాడ దాకా చెప్పుకుంటానే ఉన్నా."

అక్కడితో ఆపేసేది. పక్కనున్నవాళ్ళు "అవునమ్మా, అవును" అనేవారు, ఎవరో ఒకరు పాట ఎత్తుకునేవారు. ప్రతి ఆదివారం ఇదే సాక్ష్యం, అక్షరం మారకుండా. ఎక్కడన్నా తప్పిపోతే "ఉయ్యూరు ముందర నీళ్ళడిగింది గదా వదినా" అని పక్కావిడ అందించేది. కొత్తగా వచ్చిన ఒక అయ్యగారు ఇది నెలకొకసారి చాలునేమో అన్నారట. ఆ వారం ఆయనింటికి ఏ ఆడమనిషీ కూర పంపలేదు. తరవాతి ఆదివారం ఆయనే, "అమ్మా, మీ సాక్ష్యం" అని పిలిచారు. కుర్రతనంలో నాకది చిన్నతనంగా ఉండేది. కానీ ఒకటి గమనించాను. గుడి నుంచి వచ్చాక సాయంత్రం దాకా అత్త మామూలు మనిషి. చేపల పులుసు పెట్టేది, నా చదువు సంగతి అడిగేది, ఒక్కోసారి నవ్వేది. సోమవారం పొద్దున్నే మళ్ళీ తల ఊపుడు. అత్త బతుకంతా ఆ ఒక్క పూట మీద నడుస్తోందని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పని చేశాను.

తొంభైల్లో నేను విజయవాడలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరి, రైలు కట్ట పక్కన వాటాలో అద్దెకున్నాను. రైలు వచ్చినప్పుడల్లా మాట సగంలో ఆపి, పెట్టెలన్నీ వెళ్ళాక మిగతా సగం చెప్పుకోవడం ఆ వీధి పద్ధతి. మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉండేది. మా ఆవిడ పుట్టింటికెళ్ళి అదే గొంతుతో మాట్లాడితే, అల్లుడితో పడటం లేదేమోనని వాళ్ళమ్మ హడలిపోయింది. ఆ ఇల్లు మారిన తరవాత కూడా మేమిద్దరం చాలాకాలం తొమ్మిదింపావుకు, రాని రైలు కోసం మాట ఆపేవాళ్ళం. గోడలు మనిషి గొంతును ఏం చేస్తాయో నా ఇంట్లోనే చూశాను. పాఠం నేర్చుకోలేదు. డ్రాయింగు గీసేటప్పుడు మనసులో సిమెంటూ ఇనుమే ఉంటాయి.

రెండువేలు దాటాక పాత గుడి గోడ ఒకటి వానకు ఒరిగింది. కొత్తది కడదామన్నారు, ఇంజినీరువి నువ్వే ఉన్నావు కదా అన్నారు. నేను ఒళ్ళు మరిచిపోయాను. ఎత్తైన శ్లాబు, పెద్ద కిటికీలు, తెల్లటి గోడలు, నేలంతా నున్నటి టైల్సు, ముందు మెట్లున్న వేదిక, వరసల్లో కుర్చీలు. పల్లె పల్లెంతా వచ్చి గోడలు తడిమి చూసి నన్ను మెచ్చుకుంది. అత్త ఒక్కసారే వచ్చింది. టైల్సు మీద పాదం పెట్టి, వెనక్కు తీసుకుని, "మేం ఎక్కడ కూకుంటాంరా?" అని అడిగింది. మొదటి వరసలో ఫ్యాను కింద కుర్చీ చూపించి, ఇది నీదే అన్నాను. అత్త ఆ కుర్చీనీ, పక్క కుర్చీనీ, రెండిటి మధ్య ఖాళీనీ చూసి తల ఊపింది. అవునన్నదనుకున్నాను.

ప్రతిష్ఠ రోజున మొదటి సాక్ష్యం అత్తదే కావాలని పట్టుబట్టినవాణ్ణి నేనే. కూర్చునే చెప్తానంది. వేదిక ఎక్కితేనే గౌరవమని నేనే చెయ్యి పట్టుకుని ఎక్కించాను. ట్యూబులైట్ల వెలుతురులో మూడొందల మంది మొహాలు ఆమెకు ఎదురుగా. ఆనడానికి నేల లేదు, పక్కన మోకాలు లేదు. మైకు కీచుమంటుంటే నేను ఆంప్లిఫయరు మీట సర్దుతూ కూర్చున్నాను. అత్త పాప పేరు పలికింది. స్పీకర్లలోంచి వెళ్ళిన ఆ పేరు వెనక గోడకు తగిలి, మాకు ఉత్త మోతలా తిరిగొచ్చింది. అత్త చటుక్కున తలెత్తి తలుపు వైపు చూసింది. చాలాసేపు అలాగే చూస్తూ నిలబడింది. తరవాత ఒక్కొక్క మెట్టే దిగి, చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పెద్దామె కదా, బెరుకు పడిందన్నారు. నేనూ అలాగే అన్నాను.

ఆ తరవాత అత్త గుడిలో అడుగుపెట్టలేదు. మిగిలినవాళ్ళు వచ్చారు గానీ, వాళ్ళూ మారిపోయారు. మంచి చీర లేనివాళ్ళు వెనక వరసకు జరిగారు. ఏడుపొస్తే కర్చీఫు అడ్డం పెట్టుకోవడం నేర్చుకున్నారు. పాత గుడిలో ఒకరు ఏడిస్తే ఆనుకున్న పదిమందికీ తెలిసేది. కుర్చీల్లో ఎవరి ఏడుపు వారిదే. నేను గోడలకు కర్టెన్లు కట్టించాను, స్పీకర్లు మార్పించాను, ఒక మూల చాపలు పరిపించాను. అప్పటికి కుర్చీల అలవాటైన ముసలమ్మలు మోకాళ్ళు వంగవన్నారు. వాళ్ళను బతిమాలి ఒక ఆదివారం సాయంత్రం మా వసారాలో అత్త చుట్టూ కూర్చోబెట్టాను. నాట్ల గురించీ కోడళ్ళ గురించీ మాట్లాడుకుని టీ తాగి వెళ్ళిపోయారు. అత్త ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆదివారాలు కూడా సోమవారాలైపోయాయి.

ఒక రోజు ఉండబట్టలేక, నేను చేసిన తప్పేమిటత్తా అని అడిగాను. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, ఆరేడు నెలల మాటలు ఒక్కసారిగా చెప్పింది.

"నీ తప్పేంలేదురా. దాని పేరు పిలిచా గదా, ఎనక నుంచి ఇంకోళ్ళెవరో కూడా పిలిచారు. ఇన్నేళ్ళకి నేను గాక ఇంకోళ్ళు పిలిచారే అని చూశా. ఎవరూ లేరు. గోడ." చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "ఇదివరకు నా మాట ఆళ్ళలోకి పోయేది. ఆళ్ళు తలా కాస్త పట్టుకుపోయేవాళ్ళు. ఇప్పుడు మళ్ళీ నా మీదికే వత్తంది. ఎట్టా మొయ్యనురా?" అంది.

ఆ తరవాత అత్త నాలుగేళ్ళు బతికింది. సాక్ష్యం మళ్ళీ చెప్పలేదు. భూస్థాపన ఆరాధన ఆ హాల్లోనే జరిగింది. ఆమె గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు అయ్యగారు. పాత గుడిలో అత్త పక్కన కూర్చునే ఆడవాళ్ళలో అప్పటికింకా ముగ్గురున్నారు. ముగ్గురూ తలలు దించుకున్నారు. నేను లేచి, మా అత్త చాలా కష్టజీవి అని చెప్పి కూర్చున్నాను.

ఇదంతా చదువుతూ, పాప పేరు ఎక్కడ వస్తుందా అని మీరు ఎదురుచూసి ఉంటారు. ఇలాంటి వాటిలో పేర్లు రాయకపోవడం నా అలవాటే. కానీ ఈ పేరు దాచింది కాదు, నాకు తెలియదు. చిన్నప్పుడు అత్త ఒళ్ళో కూర్చుని విన్నాను. మగవాళ్ళ వైపుకు మారాక అది నా దాకా వచ్చేది కాదు, వినాలన్న ధ్యాసా నాకుండేది కాదు. అందరికీ వినపడేట్టు పలికిన ఒక్కసారీ నేను మీట సర్దుతున్నాను. నిరుడు ఊరెళ్ళి అడిగాను. ఆ ముగ్గురూ లేరు. బాప్తిస్మం రిజిస్టరు చెదలు తినేసింది. నాలుగు రోజుల జ్వరమూ, ఉయ్యూరూ, అడిగిన నీళ్ళూ అన్నీ నాకు గుర్తున్నాయి, ఎవరివో ఆ పేరు మాత్రం గుర్తు లేదు. పాపను జ్వరం తీసుకుపోయింది, అత్తను కాలం తీసుకుపోయింది. ఆ పేరును మాత్రం కాలం మీదికి నెట్టలేను, దాని చోటు పడగొట్టింది నేను.