జింజ్‌లో నడిచిన బస్సు స్తంభం

మా అపార్ట్‌మెంటు సెల్లారులో పార్కింగ్ గీతలకు మళ్ళీ పసుపు పెయింటు వేస్తున్నారు. కిరసనాయిలుకూ వార్నీషుకూ మధ్య ఎక్కడో పుట్టిన ఆ ఘాటు వాసన లిఫ్టెక్కి మూడో అంతస్తు దాకా వచ్చి నా ముక్కుకు తగలగానే నేను చేసిన మొదటి పని కిందికి దిగి, ఎవరి గీత ఎవరి వైపు ఎంత జరిగిందో చూసుకోవడం. ఏదీ జరగలేదు. అందుకు కొంచెం నిరాశ పడ్డానని కూడా చెప్పాలి. ఇందులో నా తప్పేమీ లేదు, పెంపకం అలాంటిది. రోడ్డు మీది పసుపు గుర్తులను నమ్మకూడదనీ, వాటి చుట్టూ ఊరికే తచ్చాడే మనుషులను అసలే నమ్మకూడదనీ అందరికీ తెలిసిన సందులో పెరిగినదాన్ని.

ఆ సందు బహ్రెయిన్‌లో, మనామాను ఆనుకుని ఉన్న జింజ్‌లో ఉండేది. జగిత్యాలలోని మా చుట్టాలు మాత్రం మేము దుబాయిలో ఉన్నామనే చెప్పుకునేవాళ్ళు. సముద్రం అవతల ఉన్నదంతా వాళ్ళ లెక్కన దుబాయే కాబట్టి ఎవరూ దిద్దేవాళ్ళు కారు. తొంభైల్లో ఆ సందులో ఎండాకాలం అంటే కిటికీ ఏసీలన్నీ ఒకేసారి గురక పెట్టడం, వాటి నీళ్ళు కిందున్న డబ్బాల్లో టిక్కుటిక్కుమని పడటం, గాలి వీచిన రోజున నోట్లో సన్నటి ఇసుక కరకరలాడటం, వీయని రోజున ఆరేసిన బట్టలు ఆరేసినప్పటికంటే తడిగా చేతికి రావడం. మధ్యాహ్నం అన్నాలయ్యాక మూడు నాలుగింటి దాకా ఊరంతా తలుపులు వేసుకునేది. ఆ వేళ బయట తిరిగేవి పిల్లులు. పిల్లులు కాక ఇంకేవైనా తిరిగితే వాటికేదో పని ఉన్నట్టు లెక్క.

మాది రెండు వాటాల ఇల్లు. కింది వాటాలో అన్నపూర్ణమ్మగారు, కాకినాడ వాళ్ళు. వాళ్ళాయన ఒక బ్యాంకులో గుమాస్తా. వాళ్ళమ్మాయి శిరీషదీ నాదీ ఒకే ఈడు. పై వాటా మాది. మా మెట్ల తలుపు మాత్రం వాళ్ళ గుమ్మం పక్కనే నేరుగా రోడ్డు మీదికి తెరుచుకునేది. మా తలుపుకు ఇంకో పక్క హంజా భాయ్ కోల్డ్ స్టోర్. అక్కడ కిరాణా కొట్టును అలాగే అంటారు. లోపల కోల్డుగా ఉండేది ఆయన కుర్చీ దగ్గర ఒక్కచోటే. అన్నపూర్ణమ్మగారి గుమ్మానికి అవతలి పక్క ఇంటి యజమాని కారు గేటు. అంటే ఆ వరసలో గేటు, వాళ్ళ గుమ్మం, మా దర్వాజ, కోల్డ్ స్టోర్. ఈ వరస గుర్తుంటే చాలు, మిగతా కథ అదే నడుస్తుంది. నిజంగానే నడిచింది కూడా.

మా బాపు రోడ్లు కొలిచే ఒక కాంట్రాక్టరు దగ్గర సర్వే అసిస్టెంటు. అప్పట్లో ఊళ్ళో బస్సుల దారులు పెంచుతున్నారు. అంతకుముందు మాలాంటి వాళ్ళు ఎక్కడికైనా పోవాలంటే వెనక బెంచీలు వేసిన పికప్పులే దిక్కు. మోకాళ్ళ మధ్య ఎదుటివాళ్ళ మోకాళ్ళు, ఒళ్ళో ఎవరిదో ఉల్లిగడ్డల సంచి, పైన టార్పాలిను ఫటఫటమని కొట్టుకోవడం. బస్సులు మాత్రం మనామా స్టాండు నుంచి పెద్ద రోడ్లు పట్టుకుని పోయేవే తప్ప సందుల్లోకి తొంగి చూసేవి కావు. తర్వాత ఒక్కో దారికి ఒక్కో కొమ్మ వేయడం మొదలైంది. బాపు ఇంట్లో బట్టర్ పేపరు పరిచి నీలం పెన్సిలుతో గీసుకునే గీత ప్రతి నెలా కాస్త సాగేది. ఒక గీత వంతెన దాటి ముహర్రఖ్ దీవిలోకి పోయి, గలాలీ దగ్గర సముద్రంలో పడబోయి ఆగింది. అక్కడ పాతిన స్తంభానికి జాలర్లు వలలు ఆరేశారని బాపు గర్వంగా చెప్పుకునేవాడు. అవాలీ వైపు మాత్రం ఆయన పెన్సిలు పోలేదు. "అది నూనె కంపెనోళ్ళ ఊరు. గేటున్నది, చెట్లున్నయ్. చెట్లున్నోళ్ళకు బస్సెందుకు?" అనేవాడు. చివరికి ఒక గీత జింజ్ వైపు మళ్ళి, మా సందులోకే వచ్చింది.

అప్పటి నుంచి మనుషులు మారిపోయారు. అంతవరకూ మా ఇంటి మెట్లు ఎక్కని వాళ్ళు పళ్ళేల మీద గుడ్డలు కప్పుకుని రావడం మొదలుపెట్టారు. ఒకరు తెచ్చిన ఖర్జూరాల హల్వా నేతిలో మెరుస్తూ జారిపోతుంటే, ఇంకొకరు తెచ్చిన పూతరేకులు ఫ్యాను గాలికే ఎగిరేట్టు ఉండేవి. అందరిదీ ఒకటే కోరిక. బస్సు దగ్గరగా ఆగాలి, కానీ మరీ వాళ్ళ ఇంటి ముందు ఆగకూడదు. అమ్మ ఆ పళ్ళేలన్నీ మర్యాదగా అందుకుని, తలుపు వేశాక ఒక్కో ముక్క విరిచి వాసన చూసేది. "ఊకెనే ఎవ్వలు వెట్టరు బిడ్డా" అంటూనే నా నోట్లో పెట్టేది. అనుమానంతో తిన్న పూతరేకుల రుచి మామూలు పూతరేకులకు లేదని నా అనుభవం.

హంజా భాయ్‌ది మాత్రం వేరే దిగులు. ఆయన మలబారు మనిషి, అంతకుముందు కలకత్తాలో కొన్నాళ్ళు ఉన్నాడు. "ఇది బస్సు కాదు. ముందు బస్సు అంటారు, తర్వాత ట్రాము అంటారు, పట్టాలు వేయాలని కొట్లు పడగొడతారు. నేను చూశాను కదా" అని హిందీలో గొంతు తగ్గించి చెప్పేవాడు. బహ్రెయిన్‌లో ట్రాము ఊసే లేదు. ఊసే లేకపోవడం ఆయన అనుమానాన్ని బలపరిచింది.

ఒక గురువారం బాపు మా సందు అంచున పసుపు పెయింటుతో ఇంటూ గుర్తు వేసి, దాని మీద స్తంభం నిలబెట్టాడు. అసలు స్తంభాలు పాతడానికి ముందు కొన్నాళ్ళు నమూనా స్తంభాలు పెట్టేవాళ్ళు. పెయింటు డ్రమ్ములో కాంక్రీటు పోసి, మధ్యలో ఇనుప గొట్టం గుచ్చి, పైన బస్సు బొమ్మ బిగించినది. బస్సు మలుపు తిరుగుతుందా, ఎవరికైనా అడ్డమా అని చూసి, ఇంజనీరు వచ్చి సరే అంటే అప్పుడు గుంత తవ్వుతారు. ఆ ఇంజనీరు సుడాన్ దేశస్థుడు, తక్కువ మాటల మనిషి. తనిఖీ రోజున స్తంభం గుర్తు మీద లేకపోతే, కొలత వేసినవాడికి కొలవడం రాదని అర్థం, ఖలాస్ అన్నాడు. బాపుది అప్పటికి ఇంకా టెంపరరీ ఉద్యోగం. అది పోతే కఫీల్, అంటే మాకు పూచీ ఉన్న అరబ్బు యజమాని, వీసా రాయడు. బాపు ఏ కూలీల క్యాంపులోనో ఉండి ఇంకో పని వెతుక్కుంటే అమ్మా నేనూ జగిత్యాల పోవాలి. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కారు. అందువల్ల రోజంతా వినిపించేది.

గుర్తు సరిగ్గా అన్నపూర్ణమ్మగారి గుమ్మానికి ఎదురుగా పడింది.

మర్నాడు శుక్రవారం, బాపుకు సెలవు, వాళ్ళింట్లో వరలక్ష్మీ వ్రతం. పులిహోర పోపు వాసన, బూరెల నూనె వాసన మెట్లెక్కి వచ్చాయి. వాటి వెనకే పట్టుచీరలో అన్నపూర్ణమ్మగారు. "అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. గుమ్మానికి ఎదురుగా స్తంభం ఉంటే ద్వారవేధ అంటారు. ఇంటి యజమానికి మంచిది కాదు. ఓ రెండు బారలు అటు జరిపితే మీ సొమ్మేం పోతుందండీ?"

"సొమ్ము కాదమ్మా, కొలువు పోతది" అన్నాడు బాపు, బూరె పట్టుకుని. అది తినాలో వద్దో తెలియక చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. చివరికి తిన్నాడు.

ఆ మర్నాటి నుంచి స్తంభం నడవడం మొదలుపెట్టింది. బాపు పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు గుర్తు మీద ఉండేది, సాయంత్రం వచ్చేసరికి కోల్డ్ స్టోర్ ముందు ఉండేది. బాపు చొక్కా విప్పి పక్కన పెట్టి, డ్రమ్మును ఒరగదీసి అంచు మీద దొర్లించుకుంటూ మళ్ళీ గుర్తు మీదికి తెచ్చేవాడు. మర్నాడు మళ్ళీ అదే. బాపు అనుమానమంతా హంజా భాయ్ మీద. స్టాపు కొట్టు ముందుంటే కూల్‌డ్రింకులు అమ్ముడవుతాయి కదా. హంజా భాయ్ అనుమానమంతా ట్రాము వాళ్ళ మీద. స్తంభం అటూ ఇటూ జరుగుతోందంటే పట్టాల కోసం రహస్యంగా కొలుస్తున్నారని అర్థం. అన్నపూర్ణమ్మగారు బాపును చూసి నమస్కారం పెట్టడం మానేశారు. ఆయన పంతం కొద్దీ వాళ్ళ గుమ్మం ముందుకే తెచ్చి పెడుతున్నాడని ఆమె నమ్మకం. అమ్మ మాత్రం ఎవరినీ ఏమీ అనేది కాదు. ఇది అన్నిటికంటే అనుమానించదగ్గ విషయమని నాకిప్పుడు తెలుస్తోంది.

శిరీషా నేనూ ఆ సెలవులన్నీ మెట్ల మీద బస్సాట ఆడాం. పై మెట్టు మనామా, కింది మెట్టు గలాలీ, టిక్కెట్లకు కాగితం పూల రేకలు. మధ్యాహ్నం కాగానే ఇద్దరు తల్లులూ ఆట ఆపించి, ఎవరి పిల్లను వాళ్ళు గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసేవాళ్ళు. ఒకరోజు శిరీష అంది, "మా అమ్మకి నడుం నొప్పే. రోజూ తైలం రాస్తున్నాను." మా అమ్మకూ రాస్తున్నది నేనే. రెండిళ్ళలోనూ ఒకటే వాసన. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరం గురక పెట్టడంలో శ్రద్ధ చూపాం.

అమ్మ తలుపు చప్పుడు కాకుండా తీసి కిందికి దిగింది. నేను కిటికీ దగ్గరికి పోయాను. కింది కిటికీలో శిరీష అప్పటికే ఉంది. రోడ్డు మీద ఎండ తెల్లగా కాగుతోంది. స్తంభం మా దర్వాజ ముందుంది, దాని డ్రమ్ము మీద ఇంకా అన్నపూర్ణమ్మగారి చేతులున్నాయి. ఆ రోజు ఆమెకు కాస్త ఆలస్యమైనట్టుంది, అమ్మకు కాస్త తొందర.

"ఏందక్కా, మా దర్వాజ ముందటికి తెచ్చి వెడ్తున్నది నువ్వేనా?" అంది అమ్మ, కొంగు బొడ్లో దోపుతూ.

"మరి మా గుమ్మం ముందుకి తెచ్చేది మీరే కదండీ!"

"నేను తోసుడు దుకాణం దిక్కు. మీ దిక్కు వెట్టేది మా ఆయన. ఆయనకు డ్యూటీ."

"అంటే, గుర్తు మీద లేకపోతే అన్నయ్యగారి ఉద్యోగం పోతుందని తెలిసీ మీరు జరుపుతున్నారా?"

"దర్వాజకు ఎదురుంగ ఉంటే పోతదనే కదా జరుపుతున్న!"

అన్నపూర్ణమ్మగారు డ్రమ్ము మీంచి చేతులు తీసేశారు. శాస్త్రం అమ్మ వైపు ఉంది, ఆ శాస్త్రం తెచ్చిందేమో ఆవిడే. అప్పుడే సందు మొదట్లో తెల్ల కారు మలుపు తిరిగింది. ఆ సాయంత్రం తనిఖీకి రావాల్సిన ఇంజనీరు భోజనం కాగానే బయల్దేరాడు. వెనక సీట్లో బాపు, కిటికీకి ముక్కు ఆనించి, ఖాళీ గుర్తు వైపు చూస్తున్నాడు.

"వదినగారూ, ఆ పక్క పట్టండి" అన్నారు అన్నపూర్ణమ్మగారు.

రెండు వారాలుగా విడివిడిగా సాధన చేసిన ఇద్దరు కలిసి పట్టేసరికి ఆ డ్రమ్ము దొర్లిన తీరు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కారు ఆగేసరికి స్తంభం పసుపు గుర్తు మీద ఉంది. దాని పక్కన ఇద్దరు ఆడవాళ్ళు, చెమటలు కారుతూ, ఎటో దూరంగా చూస్తూ నిలబడ్డారు. లోపలికి పోదామంటే పరుగెత్తినట్టవుతుంది. అందుకని అలాగే నిలబడ్డారు.

ఇంజనీరు దిగి స్తంభాన్ని చూశాడు, గుర్తును చూశాడు, వాళ్ళను చూశాడు. వీళ్ళెవరు అని ఇంగ్లీషులో అడిగాడు.

"ప్యాసింజర్స్ సార్" అన్నాడు బాపు.

బస్సు ఇంకా మొదలే కాలేదు కదా అన్నాడు ఆయన.

అమ్మ వైపు ఒక్కసారి చూశాడు బాపు. ఆమె నుదుటి చెమట, బొడ్లో కొంగు, అరచేతులకు అంటిన తుప్పు, అన్నీ ఒక్క చూపులో చదివాడు. "ముందే వచ్చి నిలబడ్తరు సార్. మా దేశంల గంతే" అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో.

ఇంజనీరు అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఎండ వైపు చూశాడు. బస్సు మొదలుకాకముందే ఎదురుచూసే జనాన్ని ఆయన ఇన్నేళ్ళ సర్వీసులో చూసి ఉండడు. ఇంత అవసరం ఉన్న చోట ఉత్త స్తంభం సరిపోదు, నీడ కావాలి అన్నాడు. అక్కడికక్కడే షెల్టరు రాయించాడు.

అలా ఒక స్తంభం వద్దనుకున్న చోట నాలుగు స్తంభాలు లేచాయి. పైన రేకు, కింద సిమెంటు బల్ల, మొత్తం కలిపి రెండు గుమ్మాలకూ అడ్డంగా. బాపు ఉద్యోగం పర్మనెంటు అయింది, మా వీసా మీద ముద్ర పడింది. తనిఖీ అయిన రాత్రి అన్నం తింటూ, మధ్యాహ్నం సంగతంతా విన్నాక బాపు ఒక్కటే అన్నాడు, "గురక మంచిగనే పెడ్తవు గాని, ఇంక పగటిపూట పండుకోకు." అది నాతో అన్నాడో అమ్మతో అన్నాడో ఇద్దరమూ అడగలేదు. ద్వారవేధ సంగతికి అమ్మే తీర్పు చెప్పింది. "ఒక్కటి అడ్డమొస్తే వేధ. మొత్తం కప్పితే పందిరి." పందిరి శుభమే కాబట్టి అన్నపూర్ణమ్మగారు ఒప్పుకున్నారు.

మొదటి బస్సు వచ్చిన రోజు ఇద్దరూ కలిసి ఎక్కి మనామా పోయి, కరివేపాకు కొనుక్కుని వచ్చారు. ఆ తర్వాత బస్సు పనేమీ లేకపోయినా రోజూ చల్లబడే వేళకు ఆ బల్ల మీద కూర్చునేవాళ్ళు. ఒకరి ఒళ్ళో సకినాలు, ఒకరి ఒళ్ళో కాజాలు. ఒకరి మీద ఒకరికి అనుమానం పోయిందని కాదు, పక్కనే కూర్చుంటే గమనించడం సులువు. బతుకమ్మ పండక్కి తంగేడు దొరక్క కాగితం పూలతో పేర్చి, ఆ షెల్టరు చుట్టూనే తిరిగారు. డ్రైవరు బస్సాపి, పాట అయ్యేదాకా హారను కొట్టకుండా కూర్చున్నాడు. హంజా భాయ్ మాత్రం పైరేకు వైపు చూసి, ట్రాము తీగలు దానికే కట్టబోతున్నారని చెప్పాడు.

శిరీష ఇప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తోంది. పోయిన నెల ఆ సందు ఫోటో పంపింది. ఇల్లు పడగొట్టి ఎత్తైన ఫ్లాట్లు కట్టారు, కోల్డ్ స్టోర్ చోట సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. కొత్త బస్సులు చల్లగా, రంగురంగులుగా ఊరంతా తిరుగుతున్నాయట, దారులు అప్పటికంటే ఎన్నో రెట్లు పెరిగాయట. మా సందులోకి మాత్రం ఏదీ రాదట. షెల్టరు లేదు. దాని కాళ్ళు నాలుగూ ఒకప్పుడున్న చోట నున్నటి రాళ్ళు పరిచారు.

ఫోటో అమ్మకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఆ మూలా ఈ మూలా వెతికింది. ఎవరి గుమ్మం ఎక్కడుండేదో చూసుకుంటోందనుకున్నాను. చాలాసేపటికి ఫోను నా చేతికిచ్చింది.

"మరి ఎండల ఆడోళ్ళు ఏడ కూసుంటరే?" అంది.